ఆ రీలు వేరు... ఈ రీలు వేరు!

'రీలు' అనగానే మీకేం గుర్తొస్తుంది? అరనిమిషం సేపు ఫోన్లో గెంతులు వేసి మాయమయ్యే బొమ్మేనా? అయితే మీరు నాకంటే పాతికేళ్ళయినా చిన్నవాళ్ళన్నమాట! మా రోజుల్లో రీలంటే నల్లటి బుల్లి డబ్బీలో, తోక ఒకటి బయటికి పెట్టుకుని కూచునే ఫోటో ఫిలిం. దాన్ని కెమెరాలోకి ఎక్కించడం చుట్టాలందరిలో ఏ ఒక్కడికో చేతనయ్యేది. ఇక పెళ్ళిళ్ళలో వాడి దర్జా చూడాలి! హీరో కాల్షీటు దొరకొచ్చు గానీ వాడు దొరికేవాడు కాదు. రీలు అయిపోయినా సరే, పిల్లలు గొడవ చేస్తున్నారని ఉత్తుత్తి ఫ్లాషు వెలిగించి, 'ఆ... వచ్చిందిరా, బాగా వచ్చింది!' అని పంపించేసిన ఘనులు కూడా వుండేవారు. ఆ ఫోటోల కోసం ఇప్పటికీ ఎదురుచూస్తున్నవాళ్ళు నాకు తెలుసు.

ఆ రీలు పోయిందనే అందరం అనుకున్నాం. పోలేదు!

మొన్నామధ్య హైదరాబాదులో ఒక సినిమా ఫంక్షన్‌కి వెళ్ళాను. వేదిక మీద హీరోగారు. కింద వందల చేతులు పైకి లేచి వున్నాయి, చేతికొక ఫోను. ఆ గుంపుకి ఒక పక్కగా కాలేజీ కుర్రవాడొకడు మెడలో పాత కెమెరా వేసుకుని నిలబడ్డాడు. పావుగంట సేపు చూశాను... ఒక్క ఫోటో తీస్తేనా! హీరోగారు మాట్లాడుతూ మాట్లాడుతూ ఎందుకో తల వంచి తనలో తను నవ్వుకున్నారు చూడండి, అప్పుడు 'టక్'మని ఒక్కసారి నొక్కాడు. లివరు తిప్పుకున్నాడు. మళ్ళీ కదలకుండా నిలబడ్డాడు. పక్కనున్న అమ్మాయి, "ఏదీ, చూపించు" అంది. "ఇందులో కనపడదు. కడిగించాలి" అన్నాడు వాడు. ఆ అమ్మాయి వాణ్ణి చూసిన చూపు చూస్తే, వేదిక మీది హీరోగారికి అసూయ కలిగి వుండేది!

ఇదేమీ మన ఊరి పిచ్చి మాత్రమే కాదు. 2024లో పెంటాక్స్ వాళ్ళు కొత్తగా ఒక ఫిలిం కెమెరా తయారుచేసి అమ్మకానికి పెట్టారు. పేరు 'పెంటాక్స్ 17'. పాత సరుకు దులిపి అమ్మింది కాదండోయ్, అచ్చంగా కొత్తది! అంతకు ముందు ఏడాది, 2023లో, ఇంగ్లండులోని హార్మన్ కంపెనీ 'ఫీనిక్స్' అని కొత్త రంగుల రీలు తెచ్చింది. బూడిదలోంచి లేచే పక్షి పేరు పెట్టారంటే వాళ్ళకీ ధైర్యం వచ్చిందన్నమాటే. 2012లో ఆపేస్తున్నామని చెప్పిన 'ఎక్టాక్రోమ్' రీలుని కొడాక్ వాళ్ళే 2018లో మళ్ళీ బయటికి తీశారు.

కొడాక్ అంటే జ్ఞాపకం వచ్చింది. ఈ కథలో విలన్ ఎవరో తెలుసా? ఆ కొడాకే! 1975లో ఆ కంపెనీలో పనిచేసే స్టీవ్ సాసన్ అనే యువ ఇంజనీరు మొట్టమొదటి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. ఒక్క బొమ్మని క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేది. తన ఇంట్లో పుట్టిన ఆ బిడ్డే చివరికి తనని కూలదోస్తే, 2012 జనవరిలో కొడాక్ దివాలా పిటిషన్ పెట్టుకుంది. మన డైరెక్టర్లు ఇలాంటి కథ తీస్తే 'మరీ సినిమాలా వుంది' అంటాం!

వెండితెర చుట్టమే

మీరంతా సినిమా ప్రియులు గనక ఒక చుట్టరికం చెప్పాలి. ఫోటోలు తీసే ఈ 35 ఎం.ఎం. రీలు ఎక్కడిదనుకుంటున్నారు? సినిమా వాళ్ళదే! జర్మనీలో వెట్జ్‌లార్ అనే ఊళ్ళో లైట్జ్ కంపెనీలో పనిచేసే ఆస్కార్ బార్నాక్ అనే ఆయన సినిమా ఫిలిం ముక్కనే ఒక చిన్న కెమెరాలో అడ్డంగా తిప్పి చూశాడు. సినిమాలో ఒక్కో ఫ్రేము 18 మిల్లీమీటర్లు, 24 మిల్లీమీటర్లు. ఆయన రెండు ఫ్రేముల చోటు కలిపేసి 24, 36 మిల్లీమీటర్ల బొమ్మ చేశాడు. 1925లో లైప్‌జిగ్ తిరనాళ్ళలో అది 'లైకా' పేరుతో బజారుకి వచ్చింది. అంతే, స్టూడియోలో మూడు కాళ్ళ మీద నిలబడే ఫోటోగ్రఫీ కోటు జేబులోకి దిగింది.

ఇందాక చెప్పిన పెంటాక్స్ 17 వుందే, అది ఒక ఫ్రేముని మళ్ళీ సగం చేసింది. అంటే తిరిగి తిరిగి పాత సినిమా ఫ్రేము దగ్గరికే దాదాపుగా చేరింది. ముప్ఫై ఆరు బొమ్మల రీల్లో డెబ్బై రెండు వస్తాయి. రీలు ధర తలచుకుంటే అది చిన్న విషయం కాదు మరి!

అటు సినిమా వాళ్ళేమో ఫోటో కెమెరా దారి పట్టారు. 1954లో పారమౌంట్ వాళ్ళు 'విస్టావిజన్' అని ఒక పద్ధతి తెచ్చారు. ఫిలింని అడ్డంగా నడిపించి, లైకా బొమ్మంత పెద్ద ఫ్రేము తీయడం. తర్వాత మూలపడిన ఆ పద్ధతిలోనే 'ది బ్రూటలిస్ట్' (2024) సినిమా తీశారు. నోలన్ గారి 'ఓపెన్‌హైమర్' (2023) సంగతి మీకు తెలిసిందే. ఆ సినిమా కోసం కొడాక్ వాళ్ళు అంతకు ముందు ఎన్నడూ లేని 65 ఎం.ఎం. బ్లాక్ అండ్ వైట్ ఫిలింని ప్రత్యేకంగా తయారుచేసి ఇచ్చారు.

ఇప్పుడు కుర్రకారు ఎగబడి కొంటున్న 'సినీస్టిల్' రీలు కూడా సినిమా ఫిలిమే. రంగుల సినిమా ఫిలిం వీపున ఒక నల్లటి పూత వుంటూ వచ్చింది. ఎక్కువైన వెలుతురు వెనక్కి తగిలి చెదరకుండా కాపాడేది అదే. ఆ పూత లేకుండా అమ్ముతున్నారు. దాంతో రాత్రిపూట దీపాల చుట్టూ ఎర్రటి వలయాలు కమ్ముకుంటాయి. నిజం చెప్పాలంటే అది లోపం! ఆ లోపాన్ని చూసే మన పిల్లలు 'ఆహా!' అంటున్నారు. దీపావళి రాత్రి తీసిన బొమ్మ ఒకటి చూశాను. చెప్పొద్దూ, నేనూ 'ఆహా' అన్నాను.

గింజలూ కాదు, రంగులూ కాదు

ఇంతకీ ఈ మోజు దేనికి? అడిగితే పిల్లలు చెప్పే జవాబు, 'ఫిలిం లుక్ వేరు సార్!' అని. ఆ గింజలు గింజలుగా వుండే మెత్తదనం, ఆ పసుపు ఛాయ... నిజమే, బాగుంటాయి. కానీ నాకు నమ్మకం కుదరదు. ఆ గింజలూ ఆ ఛాయా కావాలంటే ఫోన్లోనే వస్తాయి, పైసా ఖర్చు లేకుండా. దానికోసం ఎవరైనా దాదాపు వెయ్యి రూపాయలు పోసి రంగుల రీలు కొంటారా? కడిగించడమూ స్కాన్ చేయించడమూ కూడా కలిపితే ఒక్కో క్లిక్కుకి ముప్ఫై నలభై రూపాయలు గాల్లోకి! అంత డబ్బు ఒక్క రంగు కోసమంటే నేనొప్పుకోను.

నా ఉద్దేశం చెప్పనా? అసలు ఆకర్షణ ఆ అంకెలో వుంది. ముప్ఫై ఆరు!

ముప్ఫై ఆరే వున్నాయని తెలిస్తే తీసేవాడి తీరు మారుతుంది. ఇది చాలామంది చెప్పే మాటే. చేతిలో వెయ్యి వుంటే ముందు తీసి తర్వాత చూస్తాం. ముప్ఫై ఆరుంటే ముందు చూసి తర్వాత తీస్తాం. సరే, బాగుంది. కానీ ఎవరూ చెప్పని సంగతి ఇంకోటుంది. ఎదుట నిలబడ్డ మనిషి కూడా మారతాడు! ఫోను చూపిస్తే ఎవరూ సర్దుకోరు. బాగా రాకపోతే ఇంకోటి తీస్తార్లే అని ధీమా. రీలు కెమెరా ఎత్తగానే చూడండి... పైట సర్దుకుంటారు, మాట ఆపేస్తారు, ఊపిరి కూడా బిగబడతారు. ఇద్దరికీ తెలుసు, ఇది ఒక్కటేనని. ఆ ఒక్క క్షణం ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు పూర్తిగా దొరుకుతారు.

ఈ రహస్యం మన సినిమా స్టిల్ ఫోటోగ్రాఫర్లకి ఎప్పుడో తెలుసు. పాత రోజుల్లో సినిమా హాలు బయట అద్దాల పెట్టెలో స్టిల్సు పెట్టేవారు. టిక్కెట్టుకి డబ్బుల్లేక, అవి చూసే కథంతా అల్లుకుని ఇంటికి పోయినవాళ్ళు మనలో ఎంతమంది లేరు! ఆ స్టిల్సు సినిమాలోంచి కోసిన ముక్కలని చాలామంది అనుకుంటారు. సాధారణంగా కాదు. షాటు ఓకే అయ్యాక స్టిల్ ఫోటోగ్రాఫరు ముందుకొచ్చి 'ఒక్క స్టిల్ సార్' అని అడిగి, అదే లైటింగులో, అదే భావంతో నటీనటుల్ని మళ్ళీ నిలబెట్టి తీసేవాడు. టేకు నడుస్తుండగా తీస్తే క్లిక్కు చప్పుడు కదా! చేతిలో రోలీఫ్లెక్స్ లాంటి కెమెరా, దాన్లో పన్నెండు బొమ్మల రోలు. అవతల డైరెక్టరు తొందర, లైట్ల వేడి, హీరోయిన్ మేకప్పు కారిపోతోంది. ఒకటో రెండో తీసుకోవడానికి వ్యవధి. ఆ ఒకటో రెండే రేపు హాలు ముందు జనాన్ని ఆపాలి. ఆ ఫోటోల్లో మన తారల కళ్ళు అలా నిలిచిపోవడానికి కారణం ఇదేనని నా గట్టి నమ్మకం.

స్టిల్ ఫోటోగ్రాఫరు దాకా ఎందుకు, కెమెరామన్ సంగతే చూడండి. 'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్‌ట్లీ కురిపించిన వెన్నెలని ఇవాళ్టికీ తలచుకుంటున్నాం. ప్రెస్ ఫోటోగ్రాఫరుగా మొదలైన మనిషాయన. వెన్నెల ఎలా వచ్చిందో చూసుకోవడానికి పక్కన మానిటరు లేదు, ఏమీ లేదు. ల్యాబు నుంచి రష్ వచ్చేదాకా ఆ వెన్నెల ఆయన కళ్ళలోనే వుంది!

కనపడని బొమ్మ

క్లిక్ మన్నాక లోపల ఏం జరుగుతుందో తెలుసుకుంటే ఈ పిచ్చి మీకూ అంటుకుంటుంది, జాగ్రత్త. ఫిలిం మీద జెలటిన్ పూతలో వెండి లవణపు స్ఫటికాలు వుంటాయి. వెలుతురు తగిలిన స్ఫటికంలో ఎక్కడో ఏ కొద్ది అణువులో వెండిగా మారతాయి. అంతే! ఏ సూక్ష్మదర్శినికీ అందని మార్పు. బొమ్మ పడింది, కానీ లేదు. డెవలపర్‌లో ముంచినప్పుడు ఆ కొద్ది అణువుల్ని పట్టుకుని స్ఫటికం మొత్తం నల్లటి వెండి అయిపోతుంది. వెలుతురు తగలని స్ఫటికాల్ని హైపో కడిగేస్తుంది. మిగిలిందే నెగెటివ్. మన అమ్మమ్మల పాత ఫోటోల్లో నల్లగా కనపడేదంతా నిజమైన వెండేనండీ. వెండితెర అన్న మాట ఎలా పుట్టినా, వెండిబొమ్మ మాత్రం అక్షరాలా నిజం!

రంగుల రీలుకి ఇంకా పట్టింపులెక్కువ. డెవలపర్ దాదాపు 38 డిగ్రీల వేడి మీద వుండాలి, మూడుంపావు నిమిషాలు ముంచాలి. అటూ ఇటూ అయితే రంగులు అలుగుతాయి. చిన్నప్పుడు మా వీధి చివర స్టూడియోలో బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు వేస్తుంటే ఎర్రబల్బు వెలుగులో నిలబడి చూసేవాణ్ణి. ట్రేలో తెల్ల కాగితం. నీళ్ళ అడుగునుంచి ముందు కనుబొమలు, తర్వాత జుట్టు, ఆఖరున మనిషి... ఎన్ని సినిమాల్లో ఎంతమంది హీరోయిన్ల ఎంట్రీ చూశానో గానీ, అంత బాగా ఎవరూ ఎంట్రీ ఇవ్వలేదు. ఆ స్టూడియో ఇప్పుడు మొబైల్ రీచార్జి కొట్టు.

మన దేశంలోనే ఫిలిం తయారయ్యేదని ఈ తరానికి తెలియదనుకుంటాను. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ అని ప్రభుత్వ ఫ్యాక్టరీ. 1967 నుంచి 'ఇందు' పేరుతో ఫిలిం చేసింది. దుమ్మూ వేడీ పనికిరాని పని గనక చల్లటి కొండ మీద పెట్టారు. ఇప్పుడది మూతపడింది. ఇవాళ మన పిల్లలు వాడే ప్రతి రీలూ పైదేశాల నుంచి దిగాల్సిందే. ధర అలా వుండటంలో వింతేముంది!

ఆఖరి రీల్లో మన అమితాబ్

ముప్ఫై ఆరు అనే అంకె విలువ ప్రపంచంలో ఒక మనిషికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదేమో. స్టీవ్ మెకర్రీ. 1984లో శరణార్థి శిబిరంలో ఆకుపచ్చ కళ్ళ ఆఫ్ఘన్ బాలికని తీసిన ఫోటోగ్రాఫరు. ఆ బొమ్మ కొడాక్రోమ్ రీలు మీద తీసింది. కొడాక్రోమ్ అంటే 1935 నుంచీ రంగుల ఫోటోలకి మహారాణి. దాన్ని కనిపెట్టిన వాళ్ళిద్దరూ, మానెస్, గొడౌస్కీ, సంగీత విద్వాంసులు. చీకటిగదిలో గడియారం కనపడదు గనక, తెలిసిన సింఫనీని ఈలవేస్తూ నిమిషాలు లెక్కపెట్టేవారట! కడగడం మాత్రం మహా చిక్కు. ఇళ్ళలో అయ్యే పని కాదు.

2009 జూన్‌లో కొడాక్ వాళ్ళు కొడాక్రోమ్ ఆపేస్తున్నామని ప్రకటించారు. 'ఫ్యాక్టరీలో తయారయ్యే ఆఖరి రీలు నాకివ్వండి' అని మెకర్రీ అడిగాడు. ఇచ్చారు. ముప్ఫై ఆరు బొమ్మలు, ఆ తర్వాత ప్రపంచంలో ఇంకోటి తయారవదు. మీకే ఆ రీలు చేతికిస్తే ఏం తీస్తారు? ఆలోచించండి!

ఆయన న్యూయార్కులో రాబర్ట్ డి నీరో దగ్గరికి వెళ్ళాడు. అక్కణ్ణించి ఇండియాకి వచ్చాడు. మన దేశమంటే ఆయనకి ఎప్పటినుంచో వల్లమాలిన అభిమానం. బొంబాయిలో అమితాబ్ బచ్చన్, ఆమిర్ ఖాన్, శేఖర్ కపూర్, మన 'కమ్లి' (2006)లో నటించిన నందితా దాస్... వీళ్ళంతా ఆ ఆఖరి రీల్లోకి ఎక్కారు. రాజస్థాన్‌లో రబారీ సంచార జాతి వాళ్ళనీ తీశాడు. అటు సూపర్ స్టార్లకీ, ఇటు ఒంటెలు కాచుకునే వాళ్ళకీ ఒకే రీల్లో పక్కపక్కన చోటు!

ఆ రీలుని కడగగలిగిన ల్యాబు అప్పటికి ప్రపంచం మొత్తం మీద ఒక్కటే మిగిలింది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం, పార్సన్స్ అనే చిన్న ఊళ్ళో. 2010లో మెకర్రీ స్వయంగా ఆ ఊరు వెళ్ళి, ఆఖరి బొమ్మ ఆ ఊరి శ్మశానంలో తీసి, రీలు ల్యాబు వాళ్ళ చేతిలో పెట్టాడు. ఆ డిసెంబరు 30 తర్వాత ల్యాబు కొడాక్రోమ్ తీసుకోవడం మానేసింది. ఆ తర్వాత దొరికిన రీళ్ళు ఎవరి పెట్టెలోనో వుంటాయి. వాటిలో బొమ్మలుంటాయి, వాటి రంగులు చూసే దారి మాత్రం లేదు. ఎవరి పెళ్ళో, ఎవరి పాపాయో!

నెగెటివ్ ఎక్కడ పెట్టావే?

ఇక ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం చెబుతాను. కాస్త ఇంటి సంగతి, విసుక్కోకండి.

మా అక్క కూతురు కోఠిలో పాత కెమెరాలు బాగుచేసే పెద్దాయన దగ్గర ఒక యాషికా కొనుక్కుంది. వెనక తలుపు దగ్గరి స్పాంజి జిగురైపోయి వెలుతురు దూరుతుంటే ఆయనే మార్చి ఇచ్చాడు. (పాత కెమెరా కొనేవాళ్ళు ముందు అది చూసుకోండి.) ఆ సంక్రాంతికి తెనాలి దగ్గర మా ఊరొచ్చి, కెమెరా తీసి మా అమ్మ ముందు నిలబడింది. మా అమ్మకి ఫోటోలంటే పడదు. ఫోను ఎత్తితే చెయ్యి అడ్డం పెడుతుంది. "అమ్మమ్మా, ఒక్కటే తీస్తాను. రీల్లో ఇంకా మూడే వున్నాయి" అంది పిల్ల.

"ఒక్కటేనా?" అంది అమ్మ. "వుండవే" అని లోపలికెళ్ళి చీర మార్చుకొచ్చింది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అరుగు మీద కుర్చీ వేయించుకుని, మెడ నిటారుగా పెట్టి, తన పెళ్ళినాటి స్టూడియో ఫోటోలో కూచున్నట్టే కూచుంది. పిల్ల ఫోకస్ చేసుకుంటుంటే, "అయిందా? ఎప్పుడు నవ్వమంటావు?" అని అడిగింది. ఆ మాటకి తనకే నవ్వొచ్చింది. టక్!

ల్యాబు వాళ్ళు రీలు కడిగి, స్కాన్ చేసి, లింకు పంపారు. పిల్ల బొమ్మలు ఫోన్లోకి దించుకుంది. అమ్మమ్మకి ప్రింటు చేయించి పుట్టినరోజుకి ఇద్దామని ఎవరికీ చూపించలేదు. ఆ ఎండాకాలంలో రైల్లో ఫోను పోయింది. లింకు గడువు అంతకు ముందే అయిపోయింది. శ్రావణమాసంలో అమ్మ పోయింది.

కార్యానికి ఫోటో కావాలన్నారు. అందరి ఫోన్లూ వెతికాం. మా అమ్మవి నలభై ఫోటోల దాకా దొరికాయి. అన్నిట్లోనూ చెయ్యి అడ్డం, లేదా పక్కకి తిరిగిన ముఖం, లేదా అన్నం తింటున్న అమ్మ. కళ్ళు తెరిచి ఇటు చూస్తున్నది ఒక్కటీ లేదు. అప్పుడు పిల్ల నోట మాట వచ్చింది, "మావయ్యా... నెగెటివ్!"

ఇప్పటి పిల్లల వింత పోకడ ఇదే. అంత ఖర్చుపెట్టి రీలు తీయిస్తారు, స్కాన్లు ఫోన్లోకి రాగానే నెగెటివ్ సంగతే మరిచిపోతారు. ల్యాబుల్లో అలా దిక్కులేకుండా పడివుండే నెగెటివ్‌లు కొల్లలు. కొన్నాళ్ళు చూసి పారేస్తారు. ఆ రాత్రే బస్సెక్కి హైదరాబాదు వెళ్ళాం. ల్యాబులో కుర్రాడు, "మూడు నెలలే వుంచుతామండీ" అన్నాడు. అప్పటికి ఏడు నెలలైంది. మా ఇద్దరి ముఖాలూ చూశాడో ఏమో, కౌంటరు కింది అట్టపెట్టె పైకి తీశాడు. గంటంపావు వెతికాడు. దాదాపు అడుగున పిల్ల పేరున్న కవరు. లైటుబల్ల మీద పెట్టి చూస్తే, ముప్ఫై నాలుగో ఫ్రేములో తెల్లటి జుట్టు నల్లగా, నల్లటి చీర తెల్లగా... మా అమ్మ నవ్వుతోంది!

పది-పన్నెండు సైజులో ప్రింటు వేయించాం. కార్యానికి వచ్చినవాళ్ళందరూ అడిగిన ప్రశ్న ఒకటే, 'ఇంత బాగా ఎవరు తీశారు?' అని.

నెగెటివ్ అమృతం తాగిందని నేననను. సముద్రపు గాలికి బూజు పడుతుంది, పాత ఫిలిం వెనిగర్ కంపు కొట్టి ముడుచుకుపోతుంది. మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' (1931) ఎక్కడా మిగల్లేదు. మిగిలినవి కొన్ని స్టిల్సూ, ప్రకటనలే. మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) చూద్దామన్నా దొరకదు. వెండి తీసుకోవడానికి పాత ఫిలిం కరిగించేసిన రోజులు కూడా వున్నాయి మన దేశంలో. అయితే దాచినవాళ్ళకి దక్కింది కూడా అంతే నిజం. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ 1905లో పోయారు. ఆయన గాజు నెగెటివ్‌లు ఇవాళ కూడా ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా వున్నాయి. 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి 'దేవదాసు' మొదలుకొని పది సినిమాలు దేశమంతా మళ్ళీ వెండితెర మీద ఆడాయంటే, ఎవరో ఎక్కడో డబ్బాలు పారేయకుండా వుంచబట్టే!

కనుక తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రీలు కొనండి, సరదా పడండి, దీపాల చుట్టూ ఎర్ర వలయాలు చూసి మురిసిపోండి. విమానం ఎక్కితే కొత్త రకం స్కానర్లో రీలు పెట్టకండి, పాడవుతుంది, చేత్తో చూడమని అడగండి. ల్యాబు నుంచి నెగెటివ్‌లు మాత్రం అడిగి తెచ్చుకోండి. కాగితం కవర్లో పెట్టి, తేదీ రాసి, తడి తగలని చోట దాచండి. బీరువాలో పట్టుచీరల పక్కన చోటు లేకపోదు!

మా మేనకోడలు ఇప్పుడు నెగెటివ్‌లన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టుకుంటోంది, అంకెలు వేసి మరీ. కిందటి వారం కెమెరా మెడలో వేసుకుని మా ఇంటికి వచ్చింది. "నాదొకటి తీయవే" అన్నాను. అంకె చూసుకుంది. "నాలుగే వున్నాయి మావయ్యా. రెండు అమ్మకి, ఒకటి తాతయ్యకి, ఒకటి వానకి" అంది.

"మరి నాకు?"

"అప్పుడప్పుడు ముప్ఫై ఏడోది కూడా వస్తుంది. వస్తే చూద్దాం."